కూతుళ్ళ బొమ్మలు వేసుకున్న చిత్రకారుడు - థామస్ గెయిన్స్‌బరో

మెరిసే నీలం పట్టు దుస్తులు వేసుకుని, ఒక చేత టోపీ పట్టుకుని, రెండో చేయి నడుము మీద ఆనించి దర్జాగా నిలబడిన కుర్రవాడి బొమ్మను మన సభ్యులలో చాలామంది ఏ పాత క్యాలెండరు మీదనో, బిస్కెట్ల డబ్బా మీదనో చూసే ఉంటారు. దాన్ని 'బ్లూ బాయ్' అంటారు. వేసిన ఆయన థామస్ గెయిన్స్‌బరో అనే ఆంగ్ల చిత్రకారుడు. ఈ ప్రత్యేక సంచికలో పిల్లలకు సంబంధించిన వ్యాసం ఒకటి ఉండాలన్నారు గనుక, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో పిల్లల బొమ్మలకు పేరుపడిన ఆయన జీవితాన్ని ఎంచుకున్నాను. అయితే నా మట్టుకు నాకు ఆ నీలం దుస్తుల బొమ్మ కంటె, ఆయన తన ఇద్దరు ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని వేసిన బొమ్మలే గొప్పవిగా కనిపిస్తాయి. వాటికి ఎవరూ డబ్బివ్వలేదు. వాటిలో కొన్నిటిని ఆయన పూర్తి కూడా చేయలేదు.

గెయిన్స్‌బరో 1727లో సఫోక్ జిల్లాలోని సడ్‌బరీ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. అది నేతపని మీద బతికే ఊరు. తండ్రి జాన్ ఉన్ని బట్టల వ్యాపారి. తొమ్మిది మంది సంతానంలో మన థామస్ కడగొట్టువాడు. పిల్లవాడికి ఆరేళ్ళు నిండేసరికి, 1733లో, తండ్రి వ్యాపారం దివాళా తీసింది. తల్లికి పువ్వుల బొమ్మలు వేయడం వచ్చునంటారు. ఆ విద్య ఈ కడసారి బిడ్డకు అబ్బింది. బడి ఎగ్గొట్టి పొలాల వెంట తిరుగుతూ చెట్ల బొమ్మలు గీసుకునేవాడట. ఒకసారి తండ్రి చేతివ్రాతను అచ్చుగుద్దినట్లు అనుకరించి, సెలవు ఇప్పించవలసినదిగా పంతులుగారికి చీటీ పెట్టాడని, సంగతి బయటపడ్డాక తండ్రి వీడు ఎప్పటికైనా ఉరికంబం ఎక్కుతాడని వాపోయాడని, ఆ సెలవులో గీసిన బొమ్మలు చూసి వెంటనే మాట మార్చుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమెంతో గాని, సెలవు చీటీల సంగతి ఎరిగిన మనకు నవ్వు తెప్పించే కథే.

పదమూడో ఏట లండను పంపారు. అక్కడ గ్రావెలో అనే ఫ్రెంచి చిత్రకారుని దగ్గర పని నేర్చుకున్నాడు. సెయింట్ మార్టిన్స్ లేన్‌లో విలియం హోగార్త్ నడుపుతున్న చిత్రకళాశాల ఛాయలలో పెరిగాడు. ఇక్కడ హోగార్త్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. అంతకు ముందు కాలంలో పిల్లల బొమ్మలంటే పెద్దవాళ్ళను కుదించి వేసినట్లే ఉండేవి. బిగుసుకున్న మొహాలు, జరీ బట్టలు, వంశగౌరవం. జాన్ లాక్ వంటివారు పిల్లల పెంపకం గురించి వ్రాసిన పుస్తకాలు చదివిన కుటుంబాలలో, బాల్యం అనేది ప్రత్యేకమైన దశ అనే ఆలోచన మెల్లగా పాకింది. తల్లిదండ్రులు పిల్లలను ఆడుకుంటూండగా చూడడానికి ఇష్టపడసాగారు. హోగార్త్ 1742లో రాజుగారి మందుల సరఫరాదారు గ్రాహం అనే ఆయన నలుగురు పిల్లలను ఒక పెద్ద పటంగా వేశాడు. పంజరంలో పిట్ట, దాన్ని కళ్ళు పెద్దవి చేసి చూస్తున్న పిల్లి, నవ్వుతున్న పిల్లలు. ఒక మూల చంటిబిడ్డ. ఆ పటం పూర్తయ్యేనాటికి ఆ చంటివాడు లేడు. ఆ రోజులలో ధనికుల ఇళ్ళలో కూడా పుట్టిన పిల్లలందరూ దక్కుతారన్న నమ్మకం ఉండేది కాదు. పిల్లల బొమ్మలు అంతగా వేయించుకోవడానికి ఉన్న కారణాలలో అదొకటి. అప్పటి బొమ్మలలో గౌను వేసుకున్న ప్రతివాళ్ళూ ఆడపిల్లలు కారని కూడా గమనించాలి. ఆరేడేళ్ళు వచ్చేదాకా మగపిల్లలకు సైతం గౌన్లే తొడిగేవారు.

1746లో, పందొమ్మిదో ఏట, గెయిన్స్‌బరో మార్గరెట్ బర్ అనే యువతిని పెళ్ళాడాడు. ఆమె బోఫోర్ట్ డ్యూకుగారి కుమార్తె. కాని పెళ్ళి చేసుకున్న భార్యకు పుట్టిన సంతానం కాదు. డ్యూకుగారి ఎస్టేటు నుంచి ఆమెకు ఏటా 200 పౌండ్ల భరణం వచ్చేది. మన భాషలో చెప్పుకోవాలంటే ఇంట్లో పింఛను ఉన్నదన్నమాట. ఇల్లు గడవడానికి అది చాలా ఆదుకుంది. ఆమె గట్టి లెక్క మనిషి. ఆయన చేతిలో డబ్బు నిలిచేది కాదు. అందువల్ల ఇద్దరికీ తరచు పేచీలు. తగవు వచ్చినప్పుడు ఆయన తన కుక్క ఫాక్స్ పేరుతో, ఆమె కుక్క ట్రిస్ట్రామ్‌కు క్షమాపణ చీటీ వ్రాసి కుక్క చేతనే పంపేవాడని, ఆమె కూడా అదే పద్ధతిలో జవాబు ఇచ్చేదని జీవితచరిత్రకారులు వ్రాశారు.

వారికి మొదట ఒక ఆడపిల్ల పుట్టింది. మేరీ అని పేరు పెట్టారు. 1748లో ఆ బిడ్డ చనిపోయింది. సుమారుగా ఆ సంవత్సరమే వేసిన పటం ఒకటి ఉంది. చెట్టు పక్కన ఆరుబయట భార్యాభర్తలు, వారి మధ్య చిన్న పాప. ఆ పాప చనిపోయిన మేరీయే అయి ఉంటుందని చాలామంది అభిప్రాయం. ఆ తర్వాత 1750లో మరో ఆడపిల్ల పుడితే ఆమెకూ మేరీ అనే పేరే పెట్టుకున్నారు. పోయిన బిడ్డ పేరును మళ్ళీ పెట్టుకోవడం ఆ దేశంలోనూ ఉన్నదే. మరుసటి ఏడు 1751లో ఇంకో ఆడపిల్ల, మార్గరెట్. మన కథకు ముఖ్యులు ఈ ఇద్దరే.

1752లో కుటుంబంతో ఇప్స్‌విచ్ చేరాడు. ఓడరేవు పట్టణం. అక్కడి వర్తకులు, మతగురువులు, సైన్యాధికారులు వచ్చి బొమ్మలు వేయించుకునేవారు. సంపాదన అంతంతమాత్రం. ఆయన మనసు ఎప్పుడూ ప్రకృతి దృశ్యాల మీదే. అయితే చెట్ల బొమ్మలకు కొనుగోలుదార్లు లేరు. మొహాల బొమ్మలకే గిరాకీ. జీవితమంతా ఇదే తంతు నడిచింది. ఇష్టమైన పని ఒకటి, కడుపు నింపే పని ఒకటి.

ఇప్స్‌విచ్‌లో ఉండగా, 1756 ప్రాంతంలో, కూతుళ్ళిద్దరినీ ఒక పటంలో వేశాడు. ఇప్పుడది లండను నేషనల్ గ్యాలరీలో ఉంది. చీకటి అడవి నేపథ్యంలో ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని వస్తున్నారు. ఒక ముళ్ళమొక్క మీద తెల్లని సీతాకోకచిలుక వాలింది. చిన్నది, అంటే మార్గరెట్, దాన్ని పట్టుకోవాలని ముందువెనుకలు చూడకుండా చేయి చాచింది. పెద్దది మేరీ కొంచెం వెనక్కు తగ్గి, చెల్లెలి చేయి వదలకుండా చూస్తోంది. ఆరేళ్ళ పిల్లకు ఐదేళ్ళ చెల్లెలి మీద ఉండే పెద్దరికం ఆ మొహంలో కనిపిస్తుంది. ఆ చేయి ఇంకొంచెం ముందుకు వెళితే ముల్లు గుచ్చుకుంటుంది, లేదా సీతాకోకచిలుక ఎగిరిపోతుంది. అంతటితో ఆగింది బొమ్మ. మొహాలు ఎంతో శ్రద్ధగా వేసి బట్టలు, కింది భాగం గబగబా కుంచె ఆడించి వదిలేశాడు. డబ్బిచ్చిన ఆసామి పిల్లలయితే అలా వదిలేయడానికి ఒప్పుకునేవారా? పట్టుబట్టల మెరుపు, లేసుల అల్లిక లెక్కపెట్టి మరీ తీసుకునేవారు. ఇది సొంత సరుకు గనుక తనకు కావలసినంత వరకే వేసుకున్నాడు.

ఆయన ఈ ఇద్దరినీ కలిపి ఆరుసార్లు వేశాడు. మరో పటంలో అక్క చేయి చెల్లెలి భుజం చుట్టూ ఉంటుంది. ఒళ్ళో పిల్లి ఉండాలి. కాని దాన్ని పూర్తిగా వేయలేదు. నాలుగు గీతలలో దాని ఆకారం లీలగా తెలుస్తుంది. ఆ పటం వేసేనాటికి పిల్లలకు పదేళ్ళ ప్రాయం. కళ్ళలో అప్పటికే కొంత గాంభీర్యం వచ్చింది.

1759లో మకాం బాత్ నగరానికి మార్చాడు. వేడినీటి బుగ్గలలో స్నానం చేస్తే రోగాలు పోతాయని దేశంలోని ధనవంతులంతా సీజనుకు అక్కడ దిగేవారు. పగలు స్నానాలు, సాయంత్రం పేకాట, నాట్యాలు. మధ్యలో పొద్దుపోక బొమ్మ వేయించుకోవడం. గెయిన్స్‌బరో దశ తిరిగింది. నిలువెత్తు బొమ్మకు 60 గినీలు తీసుకున్నవాడు తర్వాత 100 గినీలకు పెంచాడు. (గినీ అంటే 21 షిల్లింగులు.) మిగతా చిత్రకారులు బట్టలు, నేపథ్యం సహాయకుల చేత వేయించేవారు. ఈయన దాదాపు అంతా తానే వేసేవాడు. సహాయానికి చివరకు పెట్టుకున్నది కూడా సొంత అక్కగారి కొడుకు డూపాంట్‌నే. ఆయన పద్ధతే వేరు. గదిలో వెలుతురు తగ్గించి, ఒక్కొక్కసారి కొవ్వొత్తి వెలుగులో, పొడుగాటి కర్రలకు కట్టిన కుంచెలతో దూరంగా నిలబడి వేసేవాడు. దగ్గరకు వెళ్ళి చూస్తే పిచ్చి గీతల్లా ఉంటాయి. నాలుగడుగులు వెనక్కు వేస్తే అవే పట్టుగౌను ముడతలవుతాయి.

'బ్లూ బాయ్' వేసింది బాత్‌లోనే, 1770 ప్రాంతంలో. అది ఒక ఇనుప సామాన్ల వర్తకుని కొడుకు జోనథన్ బటాల్ బొమ్మ అని చాలాకాలం చెప్పుకున్నారు. మేనల్లుడు డూపాంట్‌దే అయి ఉంటుందని ఆ తర్వాత కొందరు పండితులు వాదించారు. ఆ దుస్తులు నాటివి కావు, దాదాపు నూట నలభై ఏళ్ళ నాటి వాన్‌డైక్ చిత్రాలలోవి. ఎక్స్‌రే తీసి చూస్తే ఆ గుడ్డ మీద అంతకుముందు మరో మనిషి బొమ్మ మొదలుపెట్టి వదిలేసినట్లు, కుర్రవాడి పక్కన ఒక కుక్కను వేసి తర్వాత చెరిపేసినట్లు తేలింది. 1921లో ఒక అమెరికా కోటీశ్వరుడు ఏడు లక్షల డాలర్లకు పైగా పోసి కొన్నాడు. అది దేశం వదిలి వెళ్ళే ముందు 1922 జనవరిలో నేషనల్ గ్యాలరీలో పెడితే సుమారు తొంభై వేల మంది వచ్చి చూసి సాగనంపారు. సరిగ్గా నూరేళ్ళకు, 2022లో, కొద్ది నెలల పాటు మళ్ళీ లండను తీసుకొచ్చి చూపించారు. ఇంత హడావుడి జరిగినా, అది వేషం వేసుకున్న పిల్లవాడి బొమ్మే గాని, సీతాకోకచిలుక కోసం చేయి చాచిన పిల్లలో ఉన్న ప్రాణం దానిలో నాకు కనపడదు.

బాత్‌లో సంపాదన పెరిగింది. దానితో పాటు గాభరా కూడా. 1763లో పెద్ద జబ్బు చేసి ప్రాణం మీదకు వచ్చింది. ఆయన చనిపోయాడని స్థానిక పత్రిక వేసేసింది కూడా. జబ్బు నుంచి లేచాక ఆడపిల్లల భవిష్యత్తు మీద బెంగ పట్టుకుంది. ఆ రోజుల ఆడపిల్లలకు కాస్త సంగీతం, కాస్త విసనకర్రల మీద బొమ్మలు, పెళ్ళివారు వస్తే చూపించడానికి చాలినంత చదువు, అంతే. ఆయన అలా అనుకోలేదు. తన పిల్లలకు ప్రకృతి దృశ్యాలు వేయడం పద్ధతి ప్రకారం నేర్పాలని, అవసరం వస్తే ఆ విద్యతో వారు తమ కూడు తాము సంపాదించుకోగలగాలని 1764లో ఒక స్నేహితునికి వ్రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఆ కాలపుదే మరో పటం ఉంది. అందులో అక్కచెల్లెళ్ళిద్దరూ బొమ్మలు గీసుకునే సరంజామాతో కూర్చున్నారు. అంతకు ముందు పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు తండ్రి వృత్తి చేతబట్టి నిలకడగా చూస్తున్నారు. రెండు వందల అరవై ఏళ్ళ కిందట ఒక తండ్రి ఆడపిల్లలకు చేతిలో పని ఉండాలని ఆలోచించడం చిన్న విషయం కాదు.

అనుకున్నది జరగలేదు. 1771 ప్రాంతంలో మేరీకి మతి చలించింది. వైద్యులు తలో మాటా చెప్పారు. కోలుకున్నట్లే కోలుకుంది, కాని పూర్తిగా నయం కాలేదు. అప్పటి నుంచి తండ్రి మనసులో ఆ ముల్లు ఉండిపోయింది. మొహాల బొమ్మలతో విసిగిపోయానని, వయోలా ద గాంబా అనే తన తంత్రీవాద్యం చంకన పెట్టుకుని ఏ పల్లెటూరికో పోయి చెట్ల బొమ్మలు వేసుకుంటూ హాయిగా ఉండాలని ఉందని, అయితే భార్య, కూతుళ్ళ టీ విందులు, డాన్సులు, పెళ్ళికొడుకుల వేట తనను వదలవని సంగీతజ్ఞుడైన మిత్రునికి సరదాగా వ్రాసుకున్నాడు. సరదా కింద అలసట తెలుస్తూనే ఉంటుంది.

1774లో లండను చేరి పాల్ మాల్ వీధిలో షోంబర్గ్ హౌస్ అనే భవనంలో ఒక భాగం అద్దెకు తీసుకున్నాడు. సంగీతం పిచ్చి గనుక ఇంటికి వాద్యకారుల రాకపోకలు ఎక్కువ. వారిలో ఫిషర్ అనే జర్మను విద్వాంసుడు ఓబో అనే ఊదే వాద్యంలో దేశంలోకెల్లా దిట్ట. మొదట చిన్నమ్మాయి మీద మనసు పడ్డట్టు కనిపించి, చివరకు పెద్దమ్మాయి మేరీని అడిగాడు. తండ్రికి ఇష్టం లేదు. కాని పిల్ల మనసు విరిగిపోతుందని ఒప్పుకున్నాడు. 1780 ఫిబ్రవరిలో పెళ్ళయింది. కొద్ది నెలలకే విడిపోయి మేరీ పుట్టింటికి తిరిగి వచ్చింది. తర్వాత్తర్వాత యువరాజు తనను ప్రేమిస్తున్నాడన్న భ్రమ కూడా ఆమెను పట్టుకుంది.

విచిత్రం ఏమంటే, ఇంట్లో ఈ పరిస్థితి ఉండగా ఆయన రాజుగారి పిల్లల బొమ్మలు వేస్తున్నాడు. 1782 శరదృతువులో విండ్సర్ కోటకు వెళ్ళి మూడో జార్జి రాజు, రాణి, పదముగ్గురు పిల్లలు, మొత్తం పదిహేను మొహాలు కోలపటాలుగా వేశాడు. రెండో కొడుకు విదేశంలో ఉన్నందున ఆ వరుసలో లేడు. అందరికంటె చిన్నవాడు ఆల్‌ఫ్రెడ్ ఆ ఆగస్టులోనే, రెండేళ్ళయినా నిండకుండా చనిపోయాడు. వాణ్ణి చనిపోయాకనే వేయవలసి వచ్చింది. మిగిలినవారిలో కడపటివాడు ఆక్టేవియస్, నాలుగేళ్ళ పిల్లవాడు. తండ్రికి పంచప్రాణాలు. 1783 మే మొదటి వారంలో, రాయల్ అకాడమీ ప్రదర్శనకు ఈ పటాలు సిద్ధమైన రోజులలోనే వాడూ పోయాడు. అక్కగార్లయిన రాకుమార్తెలు ప్రదర్శనలో తమ్ముడి పటం ముందు నిలబడి అందరిలోనూ ఏడ్చేశారని చెబుతారు. మొదటి మేరీని పోగొట్టుకున్న మనిషికి ఆ బాధ ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు.

మరుసటి ఏడు ముగ్గురు పెద్ద రాకుమార్తెలను కలిపి వేసిన పటాన్ని తాను కోరిన ఎత్తులో తగిలించడానికి అకాడమీ వారు ఒప్పుకోలేదు. ఆయన అన్ని పటాలూ వెనక్కు తెప్పించుకుని మళ్ళీ ఆ గడప తొక్కలేదు. 1768లో ఆ సంస్థను స్థాపించినవారిలో తానూ ఒకడు. నియమాల పుస్తకానికీ మనిషికీ పేచీ వస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఆ పటానికి తర్వాత ఇంకా పెద్ద అవమానం జరిగింది. విక్టోరియా కాలంలో రాజభవన అధికారి ఒకరు తలుపు పైన పట్టేలా దాని కింది భాగం కోయించేశాడు. ఇప్పుడు ఆ రాకుమార్తెలకు కాళ్ళు లేవు.

చివరి పదేళ్ళలో ఆయన కుంచె మరో రకం పిల్లల మీదకు మళ్ళింది. పల్లెటూరి పేదపిల్లలు. పందిపిల్లలు పాలు తాగుతుంటే చూస్తున్న పిల్ల, పగిలిన కూజా, చంకలో కుక్కపిల్లతో చిరుగుల గౌను వేసుకున్న పిల్ల, కట్టెలు ఏరుకునే పిల్లలు. వీరి తల్లిదండ్రులు బొమ్మ వేయించుకోగలిగినవారు కారు. అయినా పటాలకు మంచి ధరలు వచ్చాయి. పందుల పటాన్ని ఆయన ప్రత్యర్థి, అకాడమీ అధ్యక్షుడు సర్ జాషువా రేనాల్డ్స్ 60 గినీలు అడిగితే 100 గినీలిచ్చి కొన్నాడు. పిల్లల బొమ్మలలో రేనాల్డ్స్ కూడా తక్కువవాడు కాడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. అయినా పిల్లలను కబుర్లతో కట్టిపడేసి కూర్చోబెట్టే విద్య ఆయనకు తెలుసు. అయితే ఇద్దరికీ పొసగలేదు.

1788 ఫిబ్రవరిలో లండనులో వారెన్ హేస్టింగ్స్ మీద విచారణ మొదలయింది. మన దేశాన్ని పాలించి తిరిగివెళ్ళిన గవర్నరు జనరలు మీద పార్లమెంటు పెట్టిన కేసు. ఊరంతా తిరునాళ్ళలా వెళ్ళి చూసింది. గెయిన్స్‌బరో కూడా వెళ్ళాడు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. మెడ మీద ఏదో చల్లగా తగిలినట్లనిపించింది. ఇంటికి వచ్చి చూసుకుంటే గడ్డ. అది క్యాన్సరు. మంచం పట్టాక రేనాల్డ్స్‌కు కబురు పెట్టాడు. ఆయన వచ్చాడు, పాత కోపాలు పోయాయి. 1788 ఆగస్టు 2న, అరవై ఒకటో ఏట గెయిన్స్‌బరో కన్నుమూశాడు. కోరుకున్న ప్రకారం క్యూ గ్రామంలోని చర్చి ఆవరణలో పాత మిత్రుడు కిర్బీ సమాధి పక్కన పాతిపెట్టారు. శవపేటిక మోసినవారిలో రేనాల్డ్స్ ఒకడు.

1798లో తల్లి కూడా పోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ లండను శివార్లలోని ఆక్టన్‌లో ఒకే ఇంట్లో ఉన్నారు. మార్గరెట్ పెళ్ళి చేసుకోలేదు. అక్కను కనిపెట్టుకుని ఉండిపోయింది. బొమ్మలో అక్క చెల్లెలి చేయి పట్టుకుని ఆపింది. బతుకులో చెల్లెలు అక్క చేయి పట్టుకుంది. 1820లో మార్గరెట్టే ముందు పోయింది. మేరీ మరో ఆరేళ్ళు బతికి 1826లో మరణించింది. ఆ ఇంట వారసులు లేరు.

ఈ కుటుంబ చిత్రాలన్నిటినీ ఒకచోట చేర్చి లండను నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వారు 2018 చివర ఒక ప్రదర్శన పెట్టారు. మన సభ్యులలో పిల్లలు ఆ దేశంలో ఉండి, వెళ్ళి వస్తున్నవారు కొందరున్నారు. ట్రఫాల్గర్ కూడలిలోని నేషనల్ గ్యాలరీకి టికెట్టు లేదు. సీతాకోకచిలుక పటం, పిల్లి పటం ఆ గ్యాలరీవే. మరొకటి విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అక్కడా ప్రవేశం ఉచితమే. ఆ పటాన్ని ఎప్పుడో ఎవరో మధ్యకు రెండుగా కోసి, ఇద్దరు పిల్లలనూ విడదీసి రెండు బొమ్మలు చేశారు. తర్వాత మళ్ళీ ఆ రెండు ముక్కలనూ చేర్చి ఒక్క పటంగా అతికించారు.